సన్న బియ్యం వచ్చింది, మిగిలిన డబ్బు పళ్లెంలోకి వచ్చిందా? – తక్కువ ఖర్చుతో ఇంటిల్లిపాదికి బలమైన తిండి



ఎప్పుడూ విత్తనం, ఎరువు, తెగులు గురించి రాసే చోట ఈసారి వంటింటి లెక్క రాస్తున్నాను. కారణం ఉంది. ఈ మధ్య కోరుట్ల దగ్గర ఒక ఊరిలో వరి పొలం చూడటానికి వెళ్లాను. నాలుగు ఎకరాల రైతు. వానాకాలంలో తొంభై క్వింటాళ్ల దాకా వడ్లు తూకం వేశాడు. పొలం చూసి ఇంటికి వెళ్తే, పదో తరగతి చదివే కూతురు మంచం మీద పడుకొని ఉంది. ఏమైందమ్మా అంటే, రక్తం ఎనిమిది గ్రాములే ఉందని డాక్టర్ చెప్పిందని తల్లి అన్నది. ఆ పూట పొయ్యి మీద ఉన్నది అన్నం, పచ్చిపులుసు. పప్పు నాలుగు రోజులకోసారి. ఆకుకూర అంగడి రోజు మాత్రమే. ఇంటి వెనుక అర గుంట జాగా ఖాళీగా ఉంది, దాని పక్క నుంచే బోరు నీళ్లు పారుతున్నాయి.

ముప్పై ఏళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వచ్చాయని ప్రతి రైతునూ అడిగాను. మీ ఇంట్లో ఏం తింటున్నారని అడిగింది చాలా తక్కువ. ఆ తప్పు నాది కూడా. అందుకే ఈ వ్యాసం.

ధరలు తగ్గాయంటున్నారు, నిజమేనా?

2025 అక్టోబర్‌లో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. అప్పటి లెక్కల వరుసలో అదే అతి తక్కువ. ఆహార పదార్థాల ధరలైతే అంతకు ముందు ఏడాది అక్టోబర్‌తో పోలిస్తే 5.02 శాతం తగ్గాయని కేంద్ర గణాంకాలు చెప్పాయి. ఈ వార్త విని, ‘మరి మా చేతిలో పైసలు ఎందుకు మిగలటం లేదు సార్’ అని చాలా మంది అడిగారు.

ద్రవ్యోల్బణం అంటే పోయిన ఏడాది ఇదే నెలతో పోలిక. 2024 అక్టోబర్‌లో కూరగాయలు, పప్పుల ధరలు బాగా ఎక్కువగా ఉండేవి. దానితో పోలిస్తే 2025 అక్టోబర్‌లో తక్కువగా కనిపించాయి. కందిపప్పు 2024లో కిలో 160 నుంచి 180 దాకా పోయింది, 2025లో 120 దగ్గరకు వచ్చింది. ఇది నిజంగా తగ్గినట్టే. వంట నూనె మాత్రం అలా కాదు. మన దేశం వాడే నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం దిగుమతి సుంకం పెంచింది, ధర ఎక్కింది. 2025 మే చివర్లో ముడి నూనెల మీద ప్రాథమిక సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించినా, కిరాణంలో పాత ధర తిరిగి రాలేదు.

ఇంకో మాట. కందిపప్పు తగ్గితే కొనే ఇంటికి మేలు, కంది పండించిన ఇంటికి నష్టం. మన జిల్లాల్లో ఈ రెండూ ఒకే ఇల్లు అయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి. దీని గురించి చివర్లో ఒక లెక్క చెబుతాను.

సన్న బియ్యంతో ఇంట్లోకి వచ్చిన కొత్త డబ్బు

2025 మార్చి 30న, ఉగాది రోజు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పథకం మొదలైంది. కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు ఉచితం. నలుగురున్న ఇంటికి 24 కిలోలు.

అంతకు ముందు మన ఊళ్లలో ఏం జరిగేదో అందరికీ తెలుసు. రేషన్ దొడ్డు బియ్యం కిలో పది, పదిహేనుకు అమ్ముకొని, షాపులో యాభై పెట్టి సన్న బియ్యం కొనేవాళ్లం. ఇప్పుడు ఆ అవసరం లేదు. 24 కిలోలకు కిలో 50 చొప్పున నెలకు 1,200 రూపాయలు. దొడ్డు బియ్యం అమ్మితే వచ్చే 240 నుంచి 360 తీసేసినా, ఎనిమిది వందల పైన మిగులుతుంది.

ఆ డబ్బు ఎవరూ చేతికి ఇవ్వలేదు, అందుకే కంటికి కనిపించదు. ఎక్కడికి పోయింది? జగిత్యాల, సిరిసిల్ల వైపు నేను అడిగిన ఇళ్లలో ఎక్కువ మంది చెప్పింది పిల్లల ప్యాకెట్లు, ఫోన్ రీఛార్జి, చీటీ. పప్పు డబ్బాలోకి పోయిందని చెప్పినవాళ్లు తక్కువ. దేశమంతా ఇదే తీరు. 2023–24 గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లె కుటుంబం ఖర్చులో ధాన్యాల వాటా దాదాపు 5 శాతమే, పానీయాలు, ప్యాకెట్ తిండి వాటా దాదాపు 10 శాతం. అంటే ధాన్యాల మీద పెట్టేదానికి దాదాపు రెట్టింపు పానీయాలు, ప్యాకెట్ తిండి మీద పోయింది.

కడుపు నిండుతోంది, రక్తం పట్టటం లేదు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ గురించి చెప్పింది ఇది: 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. వానాకాలంలోనే వరి 60 లక్షల ఎకరాలు దాటిన రాష్ట్రంలో ఈ పరిస్థితి. బియ్యం కరువు లేదు, పప్పు, ఆకుకూర, గుడ్డు కరువు ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 క్యాలరీలు కావలసిన మనిషి పళ్లెం ఇలా ఉండాలని చెప్పింది: బియ్యం, జొన్న, గోధుమ లాంటి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు, నువ్వుల లాంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు.

ఇప్పుడు మన రేషన్‌తో పోల్చండి. నెలకు 6 కిలోలు అంటే రోజుకు 200 గ్రాములు. ధాన్యాల వాటాలో ఐదింట నాలుగు వంతులు ఉచితంగానే ఇంటికి చేరుతోంది. సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడే మనిషికి, నాట్లు వేసే మనిషికి ఇంకా ఎక్కువ కావాలి. చిన్న పిల్లలకు తక్కువ చాలు. మొత్తం ఇంటికి చూస్తే బియ్యం ఖర్చు దాదాపు తీరినట్టే. ఇక చేతిలో ఉన్న ప్రతి రూపాయి బియ్యం కాని వాటి మీద పెట్టాలి. ఈ వ్యాసంలో అసలు మాట ఇదే.

అన్నమే ఎక్కువ తింటే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2025 సెప్టెంబర్ చివర్లో వచ్చింది. మన దేశంలో మనిషి తీసుకునే క్యాలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని, అందులో కొంత తగ్గించి పప్పు, పాలు, గుడ్డు లాంటి మాంసకృత్తులు పెంచితే షుగర్ ముప్పు తగ్గుతుందని తేల్చింది. షుగర్ పట్నం వాళ్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి.

పది రూపాయలకు ఎంత బలం?

ఒకే పది రూపాయలు దేని మీద పెడితే ఎన్ని గ్రాముల మాంసకృత్తులు వస్తాయో లెక్క వేశాను. ధరలు 2025లో మన అంగడి ధరలకు దగ్గరగా పెట్టాను. మీ ఊరి ధర వేరైతే అది పెట్టి చూసుకోండి.

• మీల్ మేకర్ (కిలో 130): 38 గ్రాములు
• శనగలు (కిలో 85): 22 గ్రాములు
• బొబ్బర్లు (కిలో 100): 21 గ్రాములు
• పెసలు (కిలో 110): 20 గ్రాములు
• కందిపప్పు (కిలో 120): 18 గ్రాములు
• పల్లీలు (కిలో 140): 17 గ్రాములు
• కోడిగుడ్డు (ఒకటి 7): 8 గ్రాములు
• చికెన్ (కిలో 240): 6 గ్రాములు
• పాలు (లీటరు 60): 5 గ్రాములు
• బిస్కెట్ ప్యాకెట్: 3, 4 గ్రాములు, మిగిలింది మైదా, చక్కెర, నూనె
• మటన్ (కిలో 900): 2 గ్రాముల లోపే

దీన్ని చూసి గుడ్డు, పాలు వదిలేయకండి. గుడ్డులో ఉండే మాంసకృత్తులు శరీరానికి బాగా పడతాయి, బి12 విటమిన్ ఉంటుంది. అది పప్పుల్లో దొరకదు. పాలు పిల్లల ఎముకలకు కావాలి. కానీ చేతిలో పైసలు తక్కువ ఉన్నప్పుడు ముందు నింపాల్సింది పప్పు డబ్బా. ఆదివారం అరకిలో మటన్ కోసం 450 పెట్టే ఇల్లు, అదే డబ్బుతో నాలుగు కిలోల పెసలు కొనుక్కోవచ్చు. పండుగకు మటన్ తినండి, తప్పులేదు. వారం వారం అప్పు చేసి తినకండి.

పప్పు, అన్నం కలిపి తింటే ఇంకో లాభం ఉంది. బియ్యంలో తక్కువ ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది. పప్పులో తక్కువ ఉండే మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మూడు పాళ్లు బియ్యానికి ఒక పాలు పప్పు అని గుర్తు పెట్టుకోండి. చారులో నాలుగు పప్పు బద్దలు వేసి పప్పుచారు అంటే ఈ లెక్కలోకి రాదు.

నలుగురి ఇంటికి నెల లెక్క

ఇద్దరు పెద్దలు, ఇద్దరు బడి పిల్లలు ఉన్న ఇల్లు అనుకుందాం. 24 కిలోల రేషన్ బియ్యం ఉంది. గ్యాస్ ఖర్చు ఇందులో కలపలేదు.

• కందిపప్పు 2 కిలోలు: 240
• పెసలు కిలోన్నర: 165
• శనగలు కిలోన్నర: 130
• బొబ్బర్లు 1 కిలో: 100
• మీల్ మేకర్ 1 కిలో: 130
• కోడిగుడ్లు 60: 420
• పాలు రోజుకు అర లీటరు: 900
• పల్లీలు 1 కిలో: 140
• జొన్నలు, రాగులు కలిపి 5 కిలోలు: 200
• నూనె రెండున్నర లీటర్లు: 375
• కూరగాయలు 24 కిలోలు, సగటున కిలో 30: 720
• ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిగడ్డ, చాయ్‌పత్తి, చక్కెర: 350

మొత్తం 3,870 రూపాయలు. రోజుకు 130, మనిషికి 33 రూపాయల లోపు. ఇందులో ఎనిమిది వందల పైన సన్న బియ్యంతో మిగిలిందే.

దీనితో ఏం వస్తుంది? బియ్యం, జొన్న కలిపి మనిషికి రోజుకు 240 గ్రాములు. పప్పులు, మీల్ మేకర్ కలిపి 58 గ్రాములు. మొత్తం మాంసకృత్తులు సగటున 45 గ్రాముల దగ్గర. 55 కిలోల బరువున్న మనిషికి రోజుకు కావలసింది సుమారు 46 గ్రాములు. పిల్లలు ఇద్దరున్న ఇల్లు కాబట్టి సరిపోతుంది. కూరగాయలు మాత్రం రోజుకు 200 గ్రాములే వచ్చాయి, చెప్పిన దానిలో సగం. ఆ లోటు డబ్బుతో కాదు, పెరటితో తీర్చాలి.

పిల్లలిద్దరికీ రోజుకు చెరో పది రూపాయల ప్యాకెట్ కొనిస్తే నెలకు 600. అది ఐదు కిలోల కందిపప్పు, లేదా 85 గుడ్లు. ప్యాకెట్ బదులు ఉడికించిన బొబ్బెర గుడాలు, శనగ గుడాలు, పల్లీ బెల్లం ముద్ద, నువ్వుల ముద్ద పెట్టండి. మొదటి వారం పిల్లలు అలుగుతారు, తర్వాత వాళ్లే అడుగుతారు. ఇక మందు, కల్లు ఖర్చు నేను ఈ పట్టికలో రాయలేదు. ఆ లెక్క ఎవరి ఇంట్లో వాళ్లు వేసుకోవాలి.

సాంచాలు ఆగిన నెలలో

సిరిసిల్లలో పని ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. ప్రభుత్వ చీరల ఆర్డర్ ఉన్నప్పుడు సాంచాలు రాత్రింబగళ్లు నడుస్తాయి, అది అయిపోగానే ఆసాములు, కార్మికులు ఎదురుచూపుల్లో పడతారు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేసే అక్కలకు పని దినాలు తగ్గినా ఇదే తిప్పలు. గల్ఫ్ నుంచి డబ్బు రెండు నెలలు ఆలస్యమైనా ఇదే. అలాంటి నెలలో చాలా ఇళ్లలో ముందు ఆగేది పప్పు, గుడ్డు. ఆగాల్సినవి అవి కావు.

చేయి బిగించే వరుస ఇది. ముందు ప్యాకెట్లు, చల్లటి సీసాలు, చికెన్, మటన్ ఆపండి. తర్వాత చక్కెర, చాయ్ తగ్గించండి. తర్వాత నూనె రెండు లీటర్లకు దించండి. పాలు పావు లీటరుకు తగ్గించి పిల్లలకే ఇవ్వండి. గుడ్లు 30కి తగ్గించి పిల్లలకు, బాలింతలకు, రక్తం తక్కువున్న ఆడవాళ్లకు ఉంచండి. జొన్నలు, రాగులు సగం చేయండి. కొనే కూరగాయలు సగానికి తగ్గించి పెరటి ఆకుకూర పెంచండి. పప్పుల 635, మీల్ మేకర్ 130, పల్లీల 140 మాత్రం ముట్టుకోకండి. మసాలా సామాను 250లో సర్దితే నెల ఖర్చు 2,600 లోపు వస్తుంది.

ఒక సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. ఇంట్లో కొరత వచ్చినప్పుడు చివర తినేది ఇల్లాలు. గిన్నెలో మిగిలిన అన్నం, తొక్కుతో ముగించేస్తుంది. 57.6 శాతం అనే అంకె అక్కడ తయారవుతోంది. వండగానే ఆమె పప్పు, కూర కూడా పక్కకు తీసిపెట్టడం మగవాళ్లు నేర్చుకోవాలి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

రక్తం పెరగటానికి వంటింటి పద్ధతులు

• తోటకూర, పుంటికూర, మునగాకు, గంగవాయిలి కూర వారంలో కనీసం నాలుగు రోజులు వండండి. పప్పులో వేస్తే పిల్లలూ తింటారు.
• ఆకుకూర తిన్న పూట నిమ్మకాయ పిండుకోండి, లేదా ఉసిరి, జామ, పచ్చి టమాట తినండి. సి విటమిన్ ఉంటేనే ఆకుల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.
• తిన్న వెంటనే చాయ్ తాగకండి. ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. గంట ఆగండి. బీడీలు చేస్తూ రోజుకు ఐదారుసార్లు చాయ్ తాగే అక్కలు దీన్ని తప్పక పాటించాలి.
• ఇనుప మూకుడులో కూర వండండి.
• పెసలు, శనగలు రాత్రి నానబెట్టి, బట్టలో కట్టి మొలకెత్తించి వండితే పోషకాలు ఇంకా బాగా అందుతాయి.
• బియ్యం నాలుగైదుసార్లు కడగకండి, రెండుసార్లు చాలు. గంజి పారబోయకండి. సొంత వడ్లు పట్టించుకునేవాళ్లు మిల్లులో పాలిష్ తక్కువ పెట్టమని అడగండి.
• రేషన్ బియ్యంలో అక్కడక్కడ రంగు తేడాగా కనిపించే గింజలు ఉంటే ప్లాస్టిక్ అని ఏరి పారేయకండి. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన బలవర్ధక గింజలు. నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపారు.
• రాగి అంబలి, జొన్న గటక మన పెద్దల తిండి. రాగుల్లో కాల్షియం బియ్యంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నువ్వులు పొట్టుతో తింటే ఇంకా ఎక్కువ.

హక్కుగా వచ్చేది వదులుకోకండి

కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు కార్డులో ఎక్కిందా చూసుకోండి. ఒక్క పేరు లేకపోతే నెలకు 6 కిలోలు, అంటే 300 రూపాయల బియ్యం పోతాయి. మీ సేవలో దరఖాస్తు చేసుకోండి.

2015 జనవరి 1 నుంచి నడుస్తున్న ఆరోగ్య లక్ష్మిలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం, రోజూ గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. నాట్ల కాలంలో కూలి పోతుందని ఆ భోజనం వదులుకునే గర్భిణులను చూశాను. ఆ పూట తిండిని కొనాలంటే కనీసం 40, 50 రూపాయలు అవుతుంది. అది కూడా కూలి కిందే లెక్క వేసుకోండి. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం ఆ బిడ్డకే పెట్టండి, ఇంట్లో అందరూ పంచుకోకండి. బర్రెలకు దాణాగా అసలే వేయకండి. బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజుల్లో పిల్లలు తప్పక తినేలా చూడండి.

అర గుంట పెరడు, పది గుంటల పెసర

ఇక నా సొంత పనికి వస్తాను. జగిత్యాల సన్నాలు పుట్టిన పొలాస పరిశోధన స్థానం మన పక్కనే ఉంది. శ్రీరాంసాగర్ కాలువ, బోర్లు, మిడ్ మానేరు నీళ్లతో రెండు పంటలూ వరి వేస్తున్నాం. సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ వచ్చాక ఇంకా ఎక్కువ వేశాం. వరి వేయొద్దని నేను అనను. అమ్మేది ఒకటే, కొనేవి పది అయినప్పుడు మాత్రం, ఆ పదిలో రెండు మూడు మన భూమిలోనే రావాలి.

పెరడు: అర గుంట, అంటే సుమారు 60 గజాలు చాలు. చిన్న చిన్న మడులు ఆరు చేయండి. చలికాలంలో పాలకూర, మెంతికూర, తోటకూర, కొత్తిమీర, ముల్లంగి వేయండి. అన్నీ ఒకే రోజు చల్లకండి. పది రోజులకు రెండు మడులు చొప్పున వేస్తే, 25–30 రోజుల నుంచి కోత ఆగకుండా వస్తుంది. అంచుల వెంట నాలుగు టమాట, నాలుగు వంకాయ, నాలుగు మిరప. గోడకు బీర, సొర పాదులు. ఒక మూల మునగ, కరివేపాకు, బొప్పాయి, నిమ్మ ఒక్కొక్కటి. స్నానం నీళ్లు అటు మళ్లించండి, సబ్బు ఎక్కువ పడకుండా చూడండి. పేనుబంక వస్తే వేప కషాయం చాలు, పొలానికి తెచ్చిన పురుగుమందు పెరట్లో కొట్టకండి. సిరిసిల్లలో జాగా లేని ఇళ్లవాళ్లు డాబా మీద పాత బకెట్లు, సంచుల్లో పుంటికూర, తోటకూర, పుదీనా పెంచుకోవచ్చు.

పెసర: యాసంగిలో నాలుగు ఎకరాల్లో పది గుంటలు వరి నుంచి తప్పించండి. ఫిబ్రవరి నుంచి మార్చి మొదటి పక్షం లోపు యాదాద్రి (డబ్ల్యూజీజీ 42) లాంటి తక్కువ కాలపు రకం వేస్తే రెండు నెలల్లో చేతికొస్తుంది. పది గుంటలకు రెండు కిలోల విత్తనం చాలు. 75 కిలోలు వచ్చినా, ఇంటికి ఏడాదికి 18 కిలోలు ఉంచుకొని మిగిలింది అమ్మవచ్చు. 2025–26లో పెసలకు మద్దతు ధర క్వింటాలుకు 8,768.

నువ్వులు: మన జగిత్యాల, కోరుట్ల వైపు పసుపు తీసిన భూముల్లో నువ్వులు వేయటం పాత అలవాటే. జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం లోపు శ్వేత తిల్, జగిత్యాల తిల్-1 లాంటి రకాలు వేసుకోండి. గానుగ నూనె, నువ్వుల ముద్ద రెండూ ఇంట్లోకి వస్తాయి.

కంది: వచ్చే వానాకాలం పొలం గట్ల మీద వేయండి. ఎకరం గట్టు మీది కంది ఇంటికి కొన్ని నెలల పప్పు ఇస్తుంది.

సంఘంగా కొంటే రైతుకూ, ఇంటికీ లాభం

మొదట చెబుతానన్న లెక్క ఇది. 2025–26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000. దిగుమతులు ఎక్కువ రావటంతో 2025లో బయట ధర అంతకంటే తక్కువ పలికింది. బఠానీ మీద కేంద్రం 2025 నవంబర్ 1 నుంచి 30 శాతం సుంకం వేసింది. పప్పుల కోసం 11,440 కోట్లతో ఆరేళ్ల మిషన్ కూడా 2025 అక్టోబర్‌లో ఆమోదించింది. వీటి ఫలితం రైతు దాకా రావటానికి సమయం పడుతుంది. అప్పటిదాకా మన ఊరిలో మనం చేయగలిగింది ఒకటి ఉంది.

ఒక మహిళా సంఘం దగ్గరి రైతు నుంచి పూర్తి మద్దతు ధరకే, కిలో 80 చొప్పున క్వింటాలు కందులు కొందనుకోండి. పట్టిస్తే 70 నుంచి 75 కిలోల పప్పు వస్తుంది. అంటే కిలో పప్పు 107 నుంచి 114 రూపాయలు. పట్టింపు కూలి నాలుగు రూపాయలు కలిపినా షాపులోని 120 దాటదు. చూరు, పొట్టు బర్రెలకు అదనం. సంఘానికి కిలోకు రెండు నుంచి తొమ్మిది రూపాయలు మిగిలింది. రైతుకు మాత్రం వ్యాపారి ఇచ్చేదానికంటే క్వింటాలుకు వందల్లో ఎక్కువ దక్కింది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కందులు వచ్చే కాలం. పది మంది కలిస్తే ఏడాది పప్పు అప్పుడే తీసిపెట్టుకోవచ్చు. బాగా ఎండబెట్టి, వేపాకు వేసి, గాలి చొరని డబ్బాల్లో పెట్టండి. వచ్చే ఏడాది ధర ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, 2024లో చూశాం కదా.

ఈ ఆదివారం చేయాల్సిన పని

పాత కిరాణా చీటీలు తీసి, పోయిన నెల పప్పుకు ఎంత, ప్యాకెట్లకు ఎంత పెట్టారో రెండు గీతల్లో రాయండి. పప్పు గీత చిన్నగా ఉంటే వచ్చే నెల రెంటినీ తారుమారు చేయండి. పెరట్లో రెండు మడులు తవ్వి పాలకూర, మెంతులు చల్లండి. ఇంట్లో ఎవరికైనా తొందరగా అలసట, కళ్ల లోపల తెల్లదనం ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం చూపించండి. రక్తం బాగా తక్కువ ఉంటే తిండి ఒక్కటే చాలదు, డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానకుండా వేసుకోవాలి.

నేను మొదట చెప్పిన ఇంటికి మళ్లీ వెళ్లాను. అమ్మాయి మాత్రలు వేసుకుంటోంది. బోరు పక్కన మూడు మడుల తోటకూర మొలిచింది. ‘ఈసారి పది గుంటలు పెసర వేస్తా సార్, విత్తనం ఎక్కడ దొరుకుతది’ అని తండ్రి అడిగాడు. మీకూ అదే అనుమానం ఉంటే మీ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని కలవండి. యూరియా గురించి అడిగినంత ధీమాగా అడగండి, ఇది కూడా మా పనే.